టమాటా ఒరుగులకు బూజు పట్టకుండా ఇలా చేశాను

మా హనుమకొండలో ముసురు పట్టిందంటే డాబా మీద ఒరుగులు ఎండవు. అందుకే వేడి గాలితో ఎండబెట్టే మిషన్, డీహైడ్రేటర్ కొన్నాను. తొందరగా అవుతుందని టమాటా ముక్కలను 70 డిగ్రీల్లో పెట్టాను. పైకి గలగలలాడాయి. సీసాలో పోసిన నాలుగో రోజుకే బూజు! 2 కిలోల టమాటాలు పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

ఒక ముక్క విరిచి చూస్తే సంగతి తెలిసింది. వేడి ఎక్కువై పైపొర ముందే గట్టిపడింది, లోపలి తడి బయటికి రాలేక అక్కడే ఉండిపోయింది.

ఈసారి ముక్కలన్నీ 5 మిల్లీమీటర్ల మందంలో సమంగా కోశాను. ఒకదానికొకటి తగలకుండా పరిచి, 57 డిగ్రీల్లో పెట్టి, రెండు గంటలకోసారి కింది ట్రేలు పైకి మార్చాను. 12 గంటలు పట్టింది, పట్టనీ. పూర్తిగా చల్లారాకే సీసాలో ముప్పావు వంతు నింపి, వారం పాటు రోజూ ఊపి చూశాను. గాజుకు చెమ్మ కనిపిస్తే ముక్కలు మళ్లీ ట్రేలోకే.

మా అమ్మకు మాత్రం గోరుచిక్కుడు ఒరుగులే ఇష్టం. ఎండబెట్టే ముందు వాటిని మరిగే నీళ్లలో 3 నిమిషాలు ఉంచి తీశాను, రంగు పోలేదు. మొన్న వాటితోనే పులుసు పెట్టింది.