విండోస్ 7లో పాత ప్రింటర్ డ్రైవర్ పోనంటోందా?

సమస్య: పాత డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) తీసేయబోతే "వాడకంలో ఉంది" అని ఇంగ్లీషులో మెసేజ్ వస్తుంది. లేదా పోయినట్టే పోయి, మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

ముందొక మాట. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తోనే సపోర్ట్ ఆపేసింది. డ్రైవర్ మళ్లీ దొరకడం కష్టం కావచ్చు, కాబట్టి ఆ ప్రింటర్‌కి సరిపడే సెటప్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉందో లేదో చూసుకున్నాకే తీసేయడం మొదలుపెట్టండి.

కేబులు పీకారా? అడిగితే అందరూ పీకామనే అంటారు. టేబుల్ వెనక్కి వంగి చూస్తే యూఎస్‌బీ వైరు దాని చోట అదుంటుంది! వైరు ఉన్నంతసేపూ విండోస్ ప్రింటర్‌ని గుర్తుపట్టి డ్రైవర్‌ని మళ్లీ ఎక్కిస్తూనే ఉంటుంది. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

ప్రింట్ ఇరుక్కుందా? విండోస్ సర్వీసెస్ లిస్టులో ప్రింట్ స్పూలర్ (ప్రింట్లను వరసలో పెట్టి పంపే సర్వీసు) ఆపండి. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ ఫోల్డర్ దాకా వెళ్లి లోపలి ఫైళ్లు తుడిచేయండి. ఫోల్డర్ జోలికి పోవద్దు. స్పూలర్ మళ్లీ స్టార్ట్ చేయండి.

నన్ను ఏడిపించింది మాత్రం వేరే. కావలిలో దస్తావేజులు టైపు చేసే డీటీపీ షాపు. వైరు పీకాను, స్పూలర్ ఆపి తుడిచాను, రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. అయినా అదే మెసేజ్. మధ్యాహ్నం భోజనం కూడా మానేసి కూర్చున్నా. చివరికి నోట్‌ప్యాడ్ తెరిచి ప్రింట్ కొడితే, లిస్టులో "స్టాంపు పేపర్" అని ఇంకో ప్రింటర్! లీగల్ సైజు ప్రతిసారీ మార్చుకోలేక, షాపు కుర్రాడు అదే మిషన్‌ని రెండో పేరుతో పెట్టుకున్నాడు. "అది ప్రింటర్ కాదన్నా, సెట్టింగు" అన్నాడు.

విండోస్ 7లో ఒకే పోర్టు మీదున్న రెండు ప్రింటర్లు డివైసెస్ అండ్ ప్రింటర్స్‌లో ఒకే బొమ్మ కింద దాక్కుంటాయి. సెటప్ సీడీ రెండోసారి వేస్తే పుట్టే "కాపీ 1" కూడా అంతే. పేరేదైనా డ్రైవర్ ఒకటే కాబట్టి, ఒక్కటి మిగిలినా తీయనివ్వదు. అందుకే నోట్‌ప్యాడ్ లిస్టు చూడండి. అనుమానం ఉన్న ప్రతిదానికీ ప్రింటర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ తెరిస్తే డ్రైవర్ పేరు కనిపిస్తుంది. ఆ బొమ్మ మీద రైట్ క్లిక్ కొట్టి, డిలీట్ ప్రింట్ క్యూలో ఒక్కోదాన్నీ తీసేయండి.

తర్వాత స్పూలర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేసి, ఆలస్యం చేయకుండా ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో డ్రైవర్స్ ట్యాబ్‌కి వెళ్లండి. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్ బటన్ పైన కనిపించాలంటే మిగిలిన ఏదో ఒక ప్రింటర్ మీద క్లిక్ చేసి ఉండాలి. రిమూవ్ కొడితే రెండు ఆప్షన్లు అడుగుతుంది. "డ్రైవర్ అండ్ డ్రైవర్ ప్యాకేజ్" ఎంచుకోండి. ఉత్త డ్రైవర్ అంటే ప్యాకేజ్ లోపలే ఉండిపోయి, వైరు పెట్టగానే పాతదే ఎక్కుతుంది.

ప్రింటర్ కంపెనీ సాఫ్ట్‌వేర్ స్క్రీన్ మీద గడియారం పక్కన కూర్చుని డ్రైవర్‌ని పట్టుకోవడం అరుదు. ఉంటే మూసేయండి. రిజిస్ట్రీ జోలికి వెళ్లాల్సిన అవసరం నాకింతవరకూ రాలేదు.

కొత్తది వేసేటప్పుడు ముందు సెటప్ నడపండి, వైరు అది అడిగినప్పుడే పెట్టండి.