ఒత్తు మరిచిపోకుండా పేరు పూసలు

హనుమకొండలో ఏ ఫ్యాన్సీ షాపుకు వెళ్లినా అక్షరాల పూసలు దొరుకుతాయి. అన్నీ ఇంగ్లీషువే. మా చెల్లె బిడ్డ వాటితో తన పేరు గుచ్చుకుని వస్తే, మా అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి "ఇండ్ల ఏం రాసుంది బిడ్డా" అంది. అవ్వకు సంతకం పెట్టేంత చదువే వచ్చు, అదీ తెలుగులోనే. ఆమె పేరుతో ఒక చేతి పట్టీ చేద్దామని ఆ రోజే మొదలుపెట్టాను. రెండు నెలల్లో ఒక దిమ్మ క్లే పాడు చేసి, ఒక ట్రే పూసలు మాడ్చి నేర్చుకున్నది ఇది.

ముందు క్లే సంగతి. స్టేషనరీ షాపులో "క్లే" అని అడిగితే పిల్లలు ఆడుకునేదో, గాలికి ఎండేదో చేతిలో పెడతారు. గాలికి ఎండేది నీళ్లు తగిలితే మెత్తబడుతుంది, అంట్లు తోమే చేతికి అది నిలవదు. మనకు కావాల్సింది పాలిమర్ క్లే. పేరుకే మట్టి, నిజానికి అది పీవీసీ పొడి, దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్, రంగు. ఓవెన్ వేడి తగిలితేనే గట్టిపడుతుంది. ప్యాకెట్ మీద ఎన్ని డిగ్రీల్లో కాల్చాలో రాసి ఉంటే అదే అనుకోండి. ఫీమో, స్కల్పీ అని ఆన్‌లైన్‌లో వస్తాయి, చిన్న దిమ్మ 57 గ్రాములు ఉంటుంది. చేతి పట్టీకి సరిపోయే చిన్న పూసలైతే ఒక్క దిమ్మలో నలభై దాకా వస్తాయి. మొదటిసారికి తెలుపు ఒకటి, పసుపు ఒకటి చాలు. పన్నెండు రంగుల సెట్టు కొనకండి, నా దగ్గర ఊదా, గోధుమ రంగులు ఇంకా సీల్ తీయకుండానే ఉన్నాయి.

మన ఎండలకు ఒక జాగ్రత్త చెప్పాలి. మే నెలలో ఇక్కడ 43, 44 డిగ్రీలు మామూలే. ఆ రోజుల్లో పార్సిల్ తెప్పిస్తే, వేడికి క్లే జిగురు జిగురుగా వస్తుంది. లేదా మధ్యలోనే సగం ఉడికి పలుకులు పలుకులుగా ఉంటుంది. రెండోదాన్ని ఏమీ చేయలేం. మొదటిదానికి మందుంది. క్లేను పలచగా ఒత్తి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి పైన నాలుగు లావు పుస్తకాలు పెట్టండి. రెండు మూడు గంటల్లో కాగితం మీద నూనె మరక తేలుతుంది. ఎక్కువైన ప్లాస్టిసైజర్‌ను కాగితం పీల్చేసిందన్నమాట. మళ్లీ పిసికి చూస్తే గట్టిబడి ఉంటుంది. రాత్రంతా వదిలేస్తే మరీ ఎండిపోయి పెళుసవుతుంది, నాది ఒకసారి అట్లనే అయింది.

ఇక పని. తెల్ల క్లే పట్టే ముందు చేతులు కడిగి, తడి టిష్యూతో గోళ్ల సందులు కూడా తుడవండి. ఎర్ర రంగు పట్టుకున్న చేత్తో తెలుపు పిసికితే అది తెలుపుగా ఉండదు. దుమ్ము, నూలు పోగు, మీ ఇంట్లో పిల్లి ఉంటే దాని వెంట్రుక, అన్నీ తెల్ల క్లేకే అంటుకుంటాయి. పిండి మర్దించినట్టు ఐదు నిమిషాలు పిసకండి. మడత పెట్టినప్పుడు అంచులో పగుళ్లు రాకపోతే తయారైనట్టు.

నున్నటి టైల్ ముక్క మీద క్లే పెట్టి, రెండు పక్కలా రెండేసి ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి, వాటి మీదుగా స్టీల్ గ్లాసు దొర్లించండి. అంతా ఒకే మందంలో, దాదాపు 4 మిల్లీమీటర్లు వస్తుంది. వంటకు వాడే చపాతీ కర్ర మాత్రం ముట్టొద్దు. క్లేకు వాడిన ఏ సామానూ మళ్లీ వంటింటికి పోకూడదు, నా టైల్, గ్లాసు, బ్లేడు ఒక అట్టపెట్టెలోనే ఉంటాయి. పేపర్ కటర్ బ్లేడుతో 12 మిల్లీమీటర్ల చదరాలు కోయండి. బ్లేడును లాగితే అంచు సాగుతుంది, నిలువుగా కిందికి నొక్కాలి.

ఇక్కడే తెలుగుకూ ఇంగ్లీషుకూ తేడా వస్తుంది. ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు పట్టే సమ్మక్క అనే పేరు మనకు మూడు పూసల్లో అయిపోతుంది: స, మ్మ, క్క. శ్రావ్య అయితే రెండే. పూసలు తగ్గుతాయి కానీ ప్రతి పూసలో పైన గుడి, దీర్ఘం, కింద ఒత్తు అన్నీ ఇమడాలి. అందుకే అక్షరాన్ని చదరం నడిమధ్య రాయకండి. కొంచెం పైకి రాసి, కింద మూడో వంతు ఒత్తుకు వదలండి. ఒత్తు లేని అక్షరాన్ని కూడా అదే ఎత్తులో రాయాలి, లేకపోతే గుచ్చాక వరస ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది.

అక్షరం రెండు రకాలుగా పెట్టొచ్చు. ఒకటి, నల్ల క్లేను దారమంత సన్నగా పాముకుని అక్షరం ఆకారంలో అతికించడం. మన అక్షరాలు గుండ్రమే కాబట్టి సకినాలు చుట్టిన చేతికి ఇది సులువే. మా వదిన చక్కగా చేస్తుంది. నాకు రాదు, నావి సకినాల కన్నా లావుగా వస్తాయి.

నేను చేసేది రెండోది, చెక్కడం. సూదితో నేరుగా గీస్తే గీత పక్కన క్లే గరుకు గరుకుగా లేస్తుంది. దానికి ఒక ఉపాయముంది. చదరం మీద పలచటి పాలిథిన్ కవరు ముక్క పరిచి, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో దాని పైనుంచి రాయండి. కవరు మధ్యలో ఉండటంతో గీత అంచులు నున్నగా వంగుతాయి, రాతిలో చెక్కిన అక్షరంలా ఉంటుంది. ఒకే అక్షరాన్ని ముందు కాగితం మీద 12 మిల్లీమీటర్ల గడిలో పదిసార్లు రాసి చూసుకోండి. 'క్ష్మి' లాంటిది అంత చిన్న చోట పట్టదు, లక్ష్మి పేరున్న వాళ్లకు నేను పూసను 16 మిల్లీమీటర్లకు పెంచుతాను.

నా మొదటి పట్టీ అవ్వకు కట్టినప్పుడు ఏమైందో చెప్తాను. ఆ తరం ఆడవాళ్ల చాలా పేర్లలాగే ఆమె పేరు కూడా 'వ్వ'తో ముగుస్తుంది. చూపు ఆనదు కాబట్టి వేలితో గీతలు తడుముకుంటూ ఒక్కో అక్షరం పలికింది. చివరి పూస దగ్గర ఆగి "దీనికింద వత్తేది?" అంది. నేను 'వ' రాసి వదిలేశాను. ఇప్పుడు కాల్చే ముందు ఇంట్లో ఇంకొకరితో పేరు పైకి చదివిస్తాను.

రాసిన చదరాలను పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, అప్పుడు బెజ్జం వేయండి. మెత్తగా ఉన్నప్పుడు వేస్తే పూస నొక్కుకుపోయి అక్షరం వంకర తిరుగుతుంది. లావు సూదిని తిప్పుతూ ఒక పక్కనుంచి సగం దాకా, మళ్లీ అవతలి పక్కనుంచి మిగతా సగం. బెజ్జం మధ్యకన్నా కాస్త పైన ఉంటే పూస తలకిందులు కాదు.

కాల్చడమే అందరికీ టెన్షన్. ఫీమో ప్యాకెట్ మీద 110 డిగ్రీలు, అరగంట అని ఉంటుంది. స్కల్పీ అయితే 130. మీ ప్యాకెట్ మీద ఏది ఉంటే అదే పాటించండి, ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) బటన్‌ను మాత్రం నమ్మకండి. నాది 130 దగ్గర పెడితే లోపల 160 దాటింది. తెల్ల పూసలు రస్కుల్లా గోధుమ రంగుకు తిరిగాక, లోపల పెట్టే చిన్న ఓవెన్ థర్మామీటర్ కొన్నాను. క్లే బాగా మాడితే కళ్లు, గొంతు మంటెత్తించే పొగ వస్తుంది. అట్లా అయితే స్విచ్ ఆపి, కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చేయండి. మైక్రోవేవ్‌లో అసలు పెట్టకూడదు. టైల్ మీద తెల్ల కాగితం పరిచి పూసలు పేర్చి, రాడ్ వేడి నేరుగా తగలకుండా పైన అల్యూమినియం ఫాయిల్ గొడుగులా కప్పండి. ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి. మధ్యలో కరెంటు పోయిందా, కంగారు పడకండి. వచ్చాక మళ్లీ మొదటి నుంచి అరగంట పెట్టండి, రెండుసార్లు కాలిస్తే నష్టం లేదు. పూసలతో పాటు ఒక పలచటి ముక్క కూడా కాల్చి, చల్లారాక వంచి చూడండి. వంగి మళ్లీ లేస్తే ఉడికింది, పుటుక్కున విరిగితే ఇంకా కాలలేదు.

చల్లారాక నల్ల యాక్రిలిక్ రంగు పూసంతా పులిమి, అర నిమిషం ఆగి తడిబట్టతో పైపైన తుడిచేయండి. గీతల్లో నలుపు నిలిచిపోయి అక్షరం పైకి తేలుతుంది. ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన క్షణం అదే. అంచులు గరుకుగా ఉంటే హార్డ్‌వేర్ షాపులో దొరికే 600 నంబర్ వాటర్ పేపర్‌తో నీళ్లలో ముంచి రుద్దండి. మెరుపు కోసం నెయిల్ పాలిష్ వేయొద్దు, కొన్నాళ్లకు పూస జిగటగా మారుతుంది. నీళ్లలో కలిసే యాక్రిలిక్ వార్నిష్ వేయొచ్చు, వేయకపోయినా పరవాలేదు.

గుచ్చడానికి 0.8 మిల్లీమీటర్ల ఎలాస్టిక్ దారం తీసుకోండి. మణికట్టు కొలతకు అర అంగుళం కలిపితే పట్టీ పొడవు. పేరు మధ్యలో, రెండు పక్కలా గాజు పూసలు. బతుకమ్మ పండక్కి చేసే వాటిలో తంగేడు పసుపు, గునుగు తెలుపు పూసలు ఒకదాని తర్వాత ఒకటి గుచ్చుతాను. దారాన్ని ముందు రెండు మూడుసార్లు బాగా సాగదీయండి, లేకపోతే వారంలో వదులైపోతుంది. ముడి వేసేటప్పుడు మామూలుగా ఒకసారి కాకుండా రెండుసార్లు మెలి తిప్పి బిగించి, పైన ఇంకో ముడి వేసి, పక్క పూస బెజ్జంలోకి లాగేయండి. ముడి మీద ఇన్‌స్టంట్ గమ్ చుక్క వేస్తే దారం అక్కడే పెళుసై తెగుతుంది. చిన్న పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త, తెగిన పూసలు నేరుగా నోట్లోకే పోతాయి.

వరంగల్ కోటలోని కాకతీయ తోరణం ఆకారంలో లాకెట్ చేయమని చాలామంది అడుగుతారు. విడిగా కోస్తే రెండు స్తంభాలూ అగ్గిపుల్లలంత సన్నగా వచ్చి, మెడలో వేసుకున్న రోజే విరుగుతాయి. గుండ్రటి బిళ్ల మీద ఉబ్బెత్తుగా అతికించండి. కొక్కెం రింగును తెరిచేటప్పుడు రెండు కొసలనూ ఎడంగా లాగకుండా, ఒకటి ముందుకు ఒకటి వెనక్కు తిప్పాలి. అప్పుడే మళ్లీ సందు లేకుండా మూసుకుంటుంది.

అవ్వ పట్టీకి ఎలాస్టిక్ ఇప్పటికి రెండుసార్లు మార్చాను, గాజుల రాపిడికి తొందరగా అరుగుతుంది. పూసలు మాత్రం అవే, చివరిది ఒత్తుతో.