చిల్లర్‌లో ఒక అంకె, ట్యాంకులో మరో అంకె కనిపిస్తుంటే ఏం చేయాలి?

రోహిణి కార్తె ఎండలకు వరంగల్ ఇళ్లలో చేపల ట్యాంకు నీళ్లు సులువుగా 32 డిగ్రీలు దాటుతాయి. గోల్డ్‌ఫిష్‌కు అది ప్రమాదం. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. అందుకే చిల్లర్, అంటే పంపు లాగి పంపే ట్యాంకు నీళ్లను చల్లబరిచే మెషిన్, పెట్టుకుంటాం. తీరా చూస్తే చిల్లర్ 24 అంటుంది, ట్యాంకులో థర్మామీటర్ 27 అంటుంది. టెన్షన్ పడి వెంటనే సెట్టింగ్ మార్చేయకండి. చాలా చిల్లర్లలో సెన్సర్ ఉండేది లోపల, నీళ్లు చల్లబడే చోట. అది చూపేది అక్కడి నీటి వేడిని, ట్యాంకులోది కాదు.

ముందు థర్మామీటర్‌నే పరీక్షించండి. గ్లాసు నిండా చితక్కొట్టిన ఐస్ వేసి, సందులు నిండేంత వరకే చల్లటి నీళ్లు పోయండి. ఐస్ పైకి తేలేంతగా పోస్తే లెక్క తప్పుతుంది. బాగా కలిపి, థర్మామీటర్ కొన గ్లాసుకు తగలకుండా మధ్యలో పట్టుకుని మూడు నాలుగు నిమిషాలు ఆగండి. 0 చూపాలి. అర డిగ్రీ అటూ ఇటూ అయితే ఫరవాలేదు, రెండు డిగ్రీలు తేడా ఉంటే కొత్తది కొనండి. జ్వరం చూసుకునే థర్మామీటర్ ఈ పనికి రాదు. అద్దానికి బయట అంటించే స్టిక్కర్‌ను కూడా నేను నమ్మను, దాని మీద గది గాలి ప్రభావం ఎక్కువ.

ఇప్పుడు ఆ థర్మామీటర్‌ను లైటుకు, చల్లటి నీళ్లు వచ్చి పడే పైపుకు దూరంగా, పంపు నీళ్లు లాగే చోట పెట్టి చూడండి. కరెంటు పోయి వచ్చిన వెంటనే చూస్తే లాభం లేదు. చిల్లర్‌లో నిలిచిన నీళ్లు కదలాలి, కంప్రెసర్ కూడా కొన్ని నిమిషాలు ఆగి గానీ మొదలవదు. అరగంట ఆగండి. 24కి సెట్ చేస్తే 25 దాకా పెరిగాక ఆన్ కావడం కూడా మామూలే, అది లోపం కాదు.

చాలాసార్లు అసలు గొడవ పంపు దగ్గరే ఉంటుంది. నీళ్లు నెమ్మదిగా వెళ్తే చిల్లర్‌లో ఎక్కువసేపు ఉండి బాగా చల్లబడతాయి. చల్లబరిచే పని అయిపోయిందనుకుని సెన్సర్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది, ట్యాంకు మాత్రం వెచ్చగానే ఉంటుంది. కాసేపటికి మళ్లీ ఆన్. మాటిమాటికీ ఇలా ఆగి మొదలవుతుంటే సెన్సర్‌ను తిట్టకుండా బకెట్ తీసుకోండి. ట్యాంకులోకి వచ్చే పైపును 10 లీటర్ల బకెట్‌లో పెట్టి, నిండడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో చూడండి. నిమిషం పడితే గంటకు 600 లీటర్లు. చిల్లర్ మాన్యువల్‌లో రాసినదానికంటే తక్కువైతే ఫిల్టర్ స్పాంజ్ పిండి కడగండి, పైపు ఎక్కడ మడత పడిందో చూడండి, పంపు రెక్కల్లో ఆకులు చిక్కుకుంటే తీయండి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఇళ్లలో లోపల తెల్లటి సున్నం పొర కూడా పేరుకుంటుంది. మాన్యువల్ ఒప్పుకుంటే, చిల్లర్‌ను ట్యాంకు నుంచి విడదీసి, వేరే బకెట్‌లో నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు తిప్పి, తర్వాత మంచినీళ్లతో బాగా కడగాలి.

ఇదంతా చేశాక కూడా తేడా ఉంటే రెండు మూడు రోజులు ఉదయం, మధ్యాహ్నం రాసి పెట్టుకోండి. ఎప్పుడు చూసినా ఒకే తేడా ఉంటే మాన్యువల్ చూసి ఆఫ్‌సెట్ (చిల్లర్ చూపే అంకెకు ఆ తేడాను కలిపే లేదా తీసేసే సెట్టింగ్) సరిచేయండి. రోజురోజుకూ మారుతుంటే సెన్సర్‌లోకి తేమ చేరిందేమో. వీటిలో ఎక్కువగా వాడే సెన్సర్‌కు వేడి పెరిగితే రెసిస్టెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం) తగ్గుతుంది, చిల్లర్ దాన్ని బట్టే వేడిని లెక్కగడుతుంది. తేమ చేరినా అదే జరుగుతుంది. అప్పుడు ఉన్నదానికంటే ఎక్కువ వేడి చూపించి, చిల్లర్ ఆగకుండా చల్లబరుస్తూనే పోతుంది. నీళ్లు వేడెక్కడం కంటే ఇదే నాకు ఎక్కువ భయం, చేపలు చలికి ముడుచుకుపోయేదాకా ఎవరికీ అనుమానం రాదు. ఆఫ్‌సెట్‌తో దీన్ని కప్పిపుచ్చవద్దు. ప్లగ్ తీసేసి మెకానిక్‌తో సెన్సర్ మార్పించండి.

ఆఫ్‌సెట్ లేని మోడల్ అయితే తేడా లెక్కగట్టి సెట్ చేసుకోవచ్చు. డిస్‌ప్లే ఎప్పుడూ ఒకటిన్నర డిగ్రీ తక్కువ చూపిస్తుంటే, ట్యాంకు 24లో ఉండాలంటే 22.5కి పెట్టాలి. అయితే ఒక్కసారిగా కాదు, రోజుకు ఒక డిగ్రీ చొప్పున దించండి.