పాత లిస్టర్ ఇంజను విప్పే ముందు

వరికోతలు అయిపోయాయి. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు కూరగాయల మడులకు నీళ్ళు తోడే లోపు ఇంగ్లండులో తయారైన లిస్టర్ డీజిల్ ఇంజన్లను విప్పి బాగుచేసుకునే రోజులివి. నిమిషానికి 650 చుట్లే కదా అని తేలిగ్గా తీసుకోకండి.

• బిగించాక ఫ్యూయల్ పంపు ర్యాక్ (డీజిల్ ఎంత వెళ్ళాలో మార్చే కడ్డీ) వేలితో తోస్తే పట్టేయకుండా కదలాలి. ఇరుక్కుంటే వేగాన్ని అదుపులో ఉంచే గవర్నరు ఏమీ చేయలేదు. వేగం హద్దు దాటి పోత ఇనుము ఫ్లైవీల్ పగిలిందంటే పక్కనున్న మనిషి ప్రాణానికే ముప్పు. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు, వేగం అదుపు తప్పితే ఇంజను ఆపేలా గాలి పీల్చే దారి మూయడానికి చెక్కపలక సిద్ధంగా ఉంచుకోండి. చక్రం తిరిగే వరుసలో పిల్లల్ని అసలు నిలబడనివ్వకండి.

• ఫ్లైవీల్‌ను ఇరుసుకు బిగించే కీని అడ్డంగా బాదొద్దు. తల విరిగితే డ్రిల్లు పెట్టి తీయాల్సిందే. ముందురోజే కిరోసిన్ పోసి నాననివ్వండి, మర్నాడు సన్నటి ఇనుప చీలతో వెనక్కి నెట్టండి.

• మెయిన్ బేరింగు షిమ్ములు (సందు సరిచేసే రేకులు) కాగితంలా పల్చగా ఉంటాయి, మడ్డితో ఒకదానికొకటి అంటుకుపోతాయి. కుడివి, ఎడమవి వేరువేరు సంచుల్లో వేసి మందం రాయండి. లెక్క తప్పితే బేరింగు బిగుసుకుని కాలిపోతుంది.

• రాజ్‌కోట్‌లో తయారైన హెడ్ గాస్కెట్ వేస్తే పిస్టన్ మీద మెత్తటి సీసం తీగ పెట్టి, హెడ్ బిగించి, చక్రం చేత్తో తిప్పి, నలిగిన మందం కొలవండి; పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య సందు అదే. పాతదాని మందమే ఉంటుందని నమ్మలేం.

• కనెక్టింగ్ రాడ్డు అడుగున ఆయిల్ చిమ్మే డిప్పర్ ఎటు తిరిగి ఉందో విప్పకముందే గుర్తు పెట్టండి.

• డీజిల్ చిమ్మే నాజిల్ పరీక్షలో చెయ్యి అడ్డం పెట్టొద్దు. డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. నొప్పి లేకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.