ఉబుంటులో ఇనిట్‌డీబీ కమాండ్ దొరకనప్పుడు: నా అనుభవం

పర్లాకిమిడిలో మా తెలుగు గ్రంథాలయం పుస్తకాల జాబితా కోసం ఉబుంటు 24.04 అనే లినక్స్‌లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ఎక్కించాను. డేటాబేస్‌ను ప్రశ్నలు అడిగే పీఎస్‌క్యూఎల్ కమాండ్ పనిచేస్తోంది, కొత్త డేటాబేస్ నిల్వను సిద్ధం చేసే ఇనిట్‌డీబీ, సర్వరును నడిపే, ఆపే పీజీ సీటీఎల్ అంటే మాత్రం ‘కమాండ్ నాట్ ఫౌండ్’. తీసేసి మళ్లీ ఎక్కించడం, రీస్టార్ట్ చేయడం, రెండూ వృథా.

ప్రోగ్రాములు ఉన్నాయి, మనం టైప్ చేసే కమాండ్లను నడిపే షెల్ వెతికే పాత్‌లో, అంటే ఫోల్డర్ల జాబితాలో లేవు, అంతే. ముందు ఫైండ్ కమాండ్‌తో ఇనిట్‌డీబీ ఎక్కడుందో చూశాను: యూఎస్‌ఆర్‌లో లిబ్, అందులో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఆపై వెర్షన్ అంకె 16, చివర బిన్. షెల్ తెరిచినప్పుడు చదివే, హోమ్ ఫోల్డరులోని డాట్ బాష్‌ఆర్‌సీ ఫైలు చివర ఎక్స్‌పోర్ట్ వరుస రాసి, పాత పాత్ వెనుక ఈ దారిని చేర్చాను. పాతది చెరిపేస్తే ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కూడా దొరకదు, జాగ్రత్త! తర్వాత సోర్స్ కమాండ్‌తో ఆ ఫైలును మళ్లీ చదివించాను. కమాండ్ ఎక్కడుందో చెప్పే విచ్‌తో అడిగితే ఇనిట్‌డీబీ దారి కనిపించింది.

సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో నడిపేటప్పుడు మాత్రం పూర్తి దారి రాయాలి. సుడో సాధారణంగా తన సొంత పాత్‌నే వాడుతుంది. ఇతర లినక్స్‌లలో ఫోల్డరు వేరు కావచ్చు.