చెత్త ప్లాంటు మీద ఊరి నిఘా ఎలా పెట్టాలి? (శాంపిల్ దగ్గర పాడు చేసుకోకండి)

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు చెత్త ప్లాంటు పక్కన ఊరుంటే తంతు ఒకటే. గెడ్డలో (వాగులో) నీళ్లు నల్లబడతాయి, ఎవరో కుర్రాడు వీడియో తీసి వాట్సాప్‌లో పెడతాడు, సోమవారం గ్రీవెన్స్‌కి ఆటోలు కట్టించుకుని వెళ్లి అర్జీ ఇస్తారు, రసీదు జేబులో పెట్టుకుని వచ్చేస్తారు. ఆ తర్వాత ఏమీ జరగదు. జరగాలంటే ఇలా చేయండి.

ముందు ఐదుగురితో కమిటీ వేసుకోండి. అంతకన్నా ఎక్కువమంది వద్దు, పార్టీ పదవుల్లో ఉన్నవాళ్లు అసలే వద్దు. సామాన్ల సంగతి సులువే: గీతల రిజిస్టరు ఒకటి, రబ్బరు గ్లౌజులు, ఐస్ పెట్టె.

తర్వాత కాగితాలు. సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి దరఖాస్తు పెట్టండి. ప్లాంటుకిచ్చిన సీఎఫ్ఓ (ప్లాంటు నడుపుకోడానికి మండలి ఇచ్చే అనుమతి) షరతులతో సహా, తనిఖీ రిపోర్టులు, ఏటా సెప్టెంబరు 30లోగా ప్లాంటు ఇవ్వాల్సిన ఫారం-5 (పర్యావరణ నివేదిక), ఈ మూడూ అడగండి. "ప్లాంటు కాలుష్యం చేస్తోందా?" అని మాత్రం అడగొద్దు, అభిప్రాయాలు చెప్పం అని ఒక్క ముక్కలో తిప్పి పంపుతారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలుకి వెళ్లండి. రోడ్డెక్కడం వద్దని నేననను. కానీ సోంపేట బీల (చిత్తడి) భూముల్లో అంత పోరాటం జరిగాక కూడా, 2010లో థర్మల్ ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దయింది జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీలో. అంటే కాగితాలు పట్టుకుని అక్కడిదాకా వెళ్లినవాళ్లు కూడా ఉన్నారన్నమాట.

రిజిస్టరు రోజూ రాయాలి, పెన్నుతోనే రాయాలి. ఫోన్లో రాసుకుంటాం అనేవాళ్లని నేను నమ్మను. పొగ, వాసన, టార్పాలిన్ లేని లారీలు, చెత్తలోంచి కారే ఊట గట్టు దాటి పొర్లడం, అన్నీ టైముతో సహా ఎక్కించండి. గేటు దాటి లోపలికి వెళ్లొద్దు. కేసు సంగతి అలా ఉంచి, ఊట నిల్వచేసే గోతుల్లో విషవాయువు చేరుతుంది, వంగి చూసినవాడు అక్కడే కూలిపోవచ్చు.

ఇక శాంపిల్. అందరూ పాడుచేసేది ఇక్కడే. కూల్‌డ్రింకు తాగిన సీసాలో గెడ్డ నీళ్లు పట్టి, బండి డిక్కీలో రెండ్రోజులు తిప్పి, ల్యాబ్‌కి తీసుకెళ్తారు. సీసాలో మిగిలిన పంచదార బీఓడీని (నీటిలో కుళ్లే సరుకు ఎంతుందో చెప్పే అంకెని) పెంచేస్తుంది, లేదా ఎండ వేడికి సూక్ష్మజీవులు దారిలోనే పని కానిచ్చేసి అంకెని తగ్గించేస్తాయి. ఎటు తిరిగినా ఆ రిపోర్టు ప్లాంటు వాళ్లకే పనికొస్తుంది.

సీసాలు ల్యాబ్ నుంచే తెచ్చుకోండి, ఎందుకంటే అన్నీ ఒకలా పట్టకూడదు. బీఓడీ సీసాని అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపాలి. లోహాల సీసాలో ముందే యాసిడ్ వేసిస్తే దాన్ని కడగొద్దు, పొర్లనివ్వొద్దు. బ్యాక్టీరియా సీసాని తొలవకూడదు, పైన కొంచెం ఖాళీ ఉంచాలి. బోరు నీళ్లయితే పైపులో నిలవున్న నీరు పోయేదాకా కాసేపు వదిలి పట్టండి. సీసా మీద చోటు, తేదీ, టైము అక్కడికక్కడే రాసి ఐస్‌లో పెట్టి, ఆ రోజే ల్యాబ్‌లో ఇచ్చేయండి.

ఇంకొకటి, ఒక్క చోటి నీళ్లు చాలవు. ప్లాంటు ఊట కలిసే చోటికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి, రెండూ ఒకే పూట తీయాలి. ఎగువ సీసా లేకపోతే "అది మీ ఊరి మురుగే" అంటారు, మీ దగ్గర సమాధానం ఉండదు. గెడ్డలోకి వదిలే నీటికి బీఓడీ లీటరుకి 30 మిల్లీగ్రాములు, సీఓడీ (రసాయనాలతో కొలిచే అలాంటి అంకే) 250 దాటకూడదు. ఇది గొట్టం నుంచి వచ్చే నీటికి పెట్టిన హద్దు, గెడ్డ నీటికి కాదు, కాబట్టి ప్రహరీ బయట గొట్టం కనిపిస్తే దాని నీళ్లు కూడా విడిగా పట్టండి.

ఇంత చేసినా మీ రిపోర్టుతో శిక్ష పడదు, ఇది చాలామందికి తెలియదు. 1974 నీటి కాలుష్య చట్టం 21వ సెక్షన్ ప్రకారం, మండలి అధికారి నోటీసిచ్చి, ప్లాంటు మనిషి ఎదుట రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టిన శాంపిలే కోర్టులో నిలబడుతుంది. మీ సీసా ఆ అధికారిని రప్పించడానికి, అంతే. ఆయన మధ్యాహ్నం భోంచేసి వస్తే గొట్టం పొడిగా ఉంటుంది. రిజిస్టరు చూసి ఊట ఏ వేళ వదులుతున్నారో తేల్చుకుని, "ఫలానా వేళలో తనిఖీ చేయండి" అని ఫిర్యాదులోనే రాయండి. పక్కన ఉల్లంఘించిన సీఎఫ్ఓ షరతు నంబరు కూడా వేయండి. వట్టి "దుర్వాసన భరించలేకపోతున్నాం" అర్జీలు కట్టల్లోకి పోతాయి.

ఫిర్యాదు మండలికి స్పీడ్ పోస్టులో, ఒక కాపీ కలెక్టరుకి. కదలిక లేకపోతే కోర్టుకి వెళ్తామని అదే చట్టం కింద 60 రోజుల నోటీసివ్వొచ్చు. గ్రీన్ ట్రిబ్యునల్‌కైతే సమస్య మొదలైన నాటి నుంచి మామూలుగా ఆరు నెలలే గడువు, మనకి చెన్నై బెంచి. కాబట్టి రిజిస్టరు మొదటి పేజీ తేదీ చూసుకుని లాయరు దగ్గరికి వెళ్లండి.