పరిశోధనకు దారి – 5వ పాఠం: ఆఫర్ లెటర్‌లో డబ్బు లెక్క

కిందటి పాఠంతో దరఖాస్తులు పంపడం పూర్తయింది. అమెరికాలో ఆగస్టులో మొదలయ్యే పీహెచ్‌డీలకు గడువులు ఎక్కువగా డిసెంబరులోనే ముగుస్తాయి. జవాబులు జనవరి నెలాఖరు నుంచి మార్చి దాకా వస్తుంటాయి. ఇక నేర్చుకోవలసింది సీటు ఇస్తున్నామంటూ వచ్చిన ఉత్తరాన్ని, అంటే ఆఫర్ లెటర్‌ను, చదవడం. రాబోయే ఐదారేళ్లు ఎక్కడ ఉండి, ఏం తిని చదువుతారో ఆ రెండు పేజీల్లోనే ఉంటుంది. అయినా పైనున్న అభినందనలు, కిందనున్న డాలర్ల అంకె చూసి మిగతాది వదిలేసేవాళ్లే ఎక్కువ.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. అడ్మిషన్ వేరు, ఫండింగ్ వేరు. సైన్సు, ఇంజనీరింగ్ పీహెచ్‌డీల్లో ఈ రెండూ సాధారణంగా కలిసే వస్తాయి: ట్యూషన్ మాఫీ, నెలనెలా స్టైపెండ్, ఆరోగ్య బీమా. ఎంఎస్‌కు మాత్రం ఎక్కువచోట్ల అడ్మిషన్ ఒక్కటే ఇస్తారు. ఖర్చంతా విద్యార్థిదే. మన ఇళ్లలో పొలం తాకట్టు పెట్టి, ప్లాటు అమ్మి పంపించేది ఈ ఎంఎస్‌లకే. పరిశోధన మీద నిజంగా మనసున్న పిల్లలు బీటెక్ తరువాత నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవచ్చని, చాలా శాఖలు (డిపార్ట్‌మెంట్లు) దానికి ఎంఎస్ అడగవని ఆ తల్లిదండ్రులకు చెప్పేవాళ్లు తక్కువ. మొదటి పాఠం నుంచీ నేను పీహెచ్‌డీ అని పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఆ డబ్బు ఎవరిది?

ఉత్తరంలో మొదట వెతకవలసింది అంకె కాదు, డబ్బు వచ్చే చోటు. టీచింగ్ అసిస్టెంట్‌షిప్ అయితే డబ్బు శాఖది. బీటెక్ పిల్లల ల్యాబులు నడపాలి, జవాబు పత్రాలు దిద్దాలి. రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ అయితే ఎక్కువగా ప్రొఫెసర్ తన పరిశోధన కోసం తెచ్చుకున్న నిధి, అంటే గ్రాంటులోది. చేసే పని మీ థీసిస్‌కే పనికొస్తుంది కాబట్టి ఇది అందరికీ ఇష్టం. కానీ గ్రాంటు ముగిసినా, ఆ ప్రొఫెసర్‌తో కుదరకపోయినా ఏం చేస్తారో ముందే తెలుసుకోవాలి. ఫెలోషిప్ అయితే పని షరతు లేకుండా ఇచ్చే డబ్బు. అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చే పేరున్న గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. దాన్ని మన లెక్కలోకి తీసుకోకూడదు.

టీచింగ్ అసిస్టెంట్‌షిప్ విషయంలో ఇంకొకటి ఉంది. చాలా విశ్వవిద్యాలయాలు ఇంగ్లీషు పరీక్ష టోఫెల్‌లో మొత్తం స్కోరుతో ఊరుకోవు, స్పీకింగ్ స్కోరు విడిగా చూస్తాయి. అది తగ్గితే అక్కడికి వెళ్లాక మౌఖిక పరీక్ష పెడతాయి. ఉత్తరంలో ఆ షరతు కనిపిస్తే ఈ వేసవినుంచే రోజూ ఒక అరగంట పైకి మాట్లాడుతూ సాధన చేయండి. బోర్డు ముందు నిలబడి మీ సబ్జెక్టులో ఒక చిన్న విషయం ఇంగ్లీషులో వివరించడం అన్నిటికంటే మంచి సాధన.

రెండు ఉత్తరాలు పక్కపక్కన

ఇప్పుడు పెన్నూ కాగితమూ తీసుకోండి. లెక్క నేర్చుకోవడానికి నేను కల్పించిన రెండు ఉత్తరాలివి.

మొదటిది: ఏడాదికి 29,000 డాలర్లు, 12 నెలలకు. ట్యూషన్ పూర్తిగా మాఫీ, బీమా విశ్వవిద్యాలయమే కడుతుంది. స్టూడెంట్ ఫీజులు ఏడాదికి 1,000 డాలర్లు మీరు కట్టాలి.

రెండోది: నెలకు 3,000 డాలర్లు, 9 నెలలకు. ట్యూషన్ మాఫీ. ఫీజులు 2,400 డాలర్లు, బీమాలో మీ వాటా 1,800 డాలర్లు.

నెల జీతం చూస్తే రెండోదే మేలనిపిస్తుంది. లెక్క వేద్దాం. మొదటి దాంట్లో 29,000 లోంచి 1,000 పోతే 28,000. పన్నెండుతో భాగిస్తే నెలకు సుమారు 2,333 డాలర్లు. రెండో దాంట్లో తొమ్మిది నెలలకు 27,000. ఫీజులు, బీమా కలిపి 4,200 పోతే 22,800. అద్దె ఏడాది పొడుగునా కట్టవలసిందే కాబట్టి దీన్నీ పన్నెండుతోనే భాగించాలి. నెలకు 1,900 డాలర్లు వస్తుంది.

అయితే రెండోదాన్ని పక్కన పెట్టేయమని కాదు. వేసవి మూడు నెలలు అదే జీతంతో రీసెర్చ్ పని దొరికితే మరో 9,000 కలుస్తుంది. అప్పుడు అది నెలకు 2,650 డాలర్లై మొదటిదాన్ని దాటుతుంది. కాబట్టి తేల్చేది వేసవి. ఆ శాఖలో విద్యార్థులకు వేసవిలో జీతం మామూలుగా దొరుకుతుందా, అదృష్టాన్ని బట్టి దొరుకుతుందా అన్నది ఉత్తరంలో ఉండదు, అడిగి తెలుసుకోవాలి.

వచ్చిన మొత్తాన్ని ఊరి ఖర్చుతో పోల్చండి. ఎంఐటీ నడిపే లివింగ్ వేజ్ క్యాలిక్యులేటర్‌లో అమెరికాలోని ప్రతి కౌంటీకీ (మన జిల్లాలాంటిది) జీవన వ్యయం అంచనా దొరుకుతుంది. బోస్టన్‌లో చాలని డబ్బుతో అయోవాలోని చిన్న ఊళ్లో కుదురుగా బతకవచ్చు.

‘ట్యూషన్ మాఫీ’ అన్న మాట దగ్గరా ఆగి చదవాలి. కొన్నిచోట్ల బయటి రాష్ట్రాలవాళ్లకు వేసే అదనపు ట్యూషన్ మాత్రమే మాఫీ చేస్తారు, మిగతాది మీరే కట్టాలి. ముఖ్యంగా ఎంఎస్ విద్యార్థులకు ఇచ్చే ఉత్తరాల్లో ఇది కనిపిస్తుంది. అలాగే అసిస్టెంట్‌షిప్‌లో 50 శాతం అపాయింట్‌మెంట్ అంటే వారానికి 20 గంటల పని, 25 శాతం అంటే 10 గంటలు. సెమిస్టరు జరుగుతున్నప్పుడు ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. అందువల్ల 50 శాతం అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్లు చాలని డబ్బును మరో క్యాంపస్ ఉద్యోగంతో పూడ్చుకుందామనుకుంటే కుదరదు.

మాట ఎంతవరకు కట్టుబడి ఉంది?

కొన్ని ఉత్తరాలు ఐదేళ్లకు హామీ ఇస్తాయి. కొన్ని మొదటి ఏడాదికే ఇచ్చి, ఆపైన చదువులో పురోగతిని బట్టి, నిధుల లభ్యతను బట్టి అంటాయి. పురోగతి మీ చేతిలో ఉంటుంది, నిధులు ఉండవు. 2025లో అమెరికా కేంద్ర (ఫెడరల్) ప్రభుత్వం ఇచ్చే పరిశోధన నిధుల విషయంలో అనిశ్చితి ఏర్పడినప్పుడు మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన చాన్ మెడికల్ స్కూల్ ఆ ఏడాది పీహెచ్‌డీ విద్యార్థులకు ఇచ్చిన ఆఫర్లను వెనక్కి తీసుకుంది. ఇంకొన్ని సంస్థలు సీట్లు తగ్గించుకున్నాయి. ఇలాంటి కాలంలో షరతుల వాక్యాలను రెండుసార్లు చదవాలి.

సందేహాలు అడగడానికి మనవాళ్లు జంకుతారు. అడిగితే సీటు పోతుందేమోనని భయం. పోదు. సీటు ఇచ్చాక మీరు రావాలనే వాళ్లూ కోరుకుంటారు. శాఖలో పీహెచ్‌డీ, ఎంఎస్ విద్యార్థుల వ్యవహారాలు చూసే గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు పొట్టిగా, మర్యాదగా ఒక మెయిల్ రాయండి. ఆఫర్‌కు కృతజ్ఞతలు చెప్పి, మూడే ప్రశ్నలు వేయండి: నేను నా జేబులోంచి కట్టవలసిన ఫీజులు ఏడాదికి ఎంత? వేసవిలో విద్యార్థులకు జీతం ఎలా ఏర్పాటవుతుంది? రెండో ఏడాది నుంచి ఫండింగ్ దేని మీద ఆధారపడి ఉంటుంది? జవాబును భద్రపరచుకోండి. ఫోనులో చెప్పినా, తరువాత మెయిల్‌లో నిర్ధారించమనండి. ఆ శాఖలో మూడో, నాలుగో ఏడు చదువుతున్న విద్యార్థితోనూ మాట్లాడండి. జీతం సమయానికి వస్తుందా, అద్దె ఎంత, ప్రొఫెసర్ మారితే శాఖ ఆదుకుంటుందా అన్నవి వాళ్లే సరిగ్గా చెబుతారు.

ఏప్రిల్ 15

అమెరికాలోని కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ ఒప్పందం మీద సంతకం చేసిన విశ్వవిద్యాలయాలు, ఫండింగ్‌తో కూడిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 లోపే జవాబివ్వాలని ఒత్తిడి చేయకూడదు. సంతకం చేసిన సంస్థల జాబితా ఆ కౌన్సిల్ వెబ్‌సైటులో ఉంటుంది. మీ ఉత్తరంలో మార్చి మొదటి వారం గడువు కనిపిస్తే ఆ జాబితా చూసి, ఏప్రిల్ 15 వరకు సమయం కావాలని వినయంగా అడగండి. సొంత ఖర్చుతో చదివే ఎంఎస్ అడ్మిషన్‌కు ఈ ఒప్పందం వర్తించదు.

అలాగని వెళ్లని చోటు ఆఫర్‌ను ఆఖరి రోజు దాకా పట్టుకుని కూర్చోవద్దు. తేల్చుకున్న రోజే వద్దని రాయండి. మీరు వదిలిన సీటు కోసం వెయిటింగ్ లిస్టులో మీలాంటి విద్యార్థే ఎదురు చూస్తుంటారు.

చేతిలో ఉండవలసిన డబ్బు

పూర్తి ఫండింగ్ ఉన్నా మొదటి జీతం వచ్చేదాకా సొంత డబ్బు కావాలి. ఆగస్టులో దిగితే జీతం తరచుగా సెప్టెంబరు నెలాఖరుకు చేతికి వస్తుంది. ఈలోగా విమానం టికెట్టు, సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు, ఇంటి అడ్వాన్సు, తొలి నెల అద్దె అన్నీ మీవే. అసిస్టెంట్‌షిప్ మొత్తాన్ని వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో చూపిస్తారు. అది ఖర్చుల అంచనాకు సరిపోతే బ్యాంకు నిల్వలు చూపవలసిన అవసరం తగ్గుతుంది.

అసిస్టెంట్‌షిప్ జీతం మీద పన్ను ఉంటుంది. భారత్, అమెరికాల పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం మన విద్యార్థులకు ఫెడరల్ పన్నులో స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కకు ముందు ఆదాయంలోంచి తీసేసే స్థిరమైన మొత్తం) వాడుకునే వీలు ఇస్తుంది. చాలా దేశాల విద్యార్థులకు ఇది లేదు. రిటర్ను వేసే మొదటి వసంతంలో దీన్ని అడిగి మరీ వాడుకోండి.

అభ్యాసం

మీకు వచ్చిన ఉత్తరాన్ని, లేదా సీనియర్ ఎవరైనా ఇస్తే వారి ఉత్తరాన్ని తీసుకుని నాలుగు గడులు గీయండి: ఎవరి డబ్బు, పన్నెండు నెలలకు భాగించాక చేతికి వచ్చేది, ఎన్నేళ్ల హామీ, ఏ షరతు మీద. ఖాళీగా మిగిలిన గడికి ఒక ప్రశ్న చొప్పున కోఆర్డినేటర్‌కు మెయిల్ చిత్తుప్రతి రాసుకోండి. 6వ పాఠంలో ఐ-20 నుంచి వీసా ఇంటర్వ్యూ వరకు చూద్దాం. ఈ గడుల కాగితం అప్పుడు మీ ముందు ఉండాలి.